స్కానింగ్ గదిలో మేము

మా ఇళ్ళల్లో ఒక ఆడమనిషి నెల తప్పితే ఆ ఖబరు మూడు భాషల్లో తిరుగుతుంది. ఇంట్లో అమ్మీకి చెప్పుకునేది ఉర్దూలో. వాడకట్టులో పక్కింటి పద్మక్కకో సాయమ్మకో చెప్పేది తెలుగులో. ఆస్పత్రిలో కాగితం మీద ఎక్కేది ఇంగ్లీషులో. మొదటి రెండు భాషలూ మావే. మూడోది మాది కాదు. కానీ మా కడుపులో ఏముందో చెప్పేది ఆ మూడోదే.

అస్తిత్వం గురించి రాయమంటే స్కానింగ్ గురించి రాస్తారేంటని మీరు అడగొచ్చు. మసీదుల గురించి, అల్లర్ల గురించి, బుర్ఖా గురించి మా తరఫున చాలామంది చాలా రాశారు. మేమూ పేపర్లలో రాశాం. కానీ ముస్లిం అనే మాట మా ఒంటిమీద అంటుకుని ఉండేది అల్లర్ల రోజున మాత్రమే కాదు. రేషన్ షాపు క్యూలో ఉంటుంది. ఇల్లు అద్దెకి అడిగినప్పుడు ఉంటుంది. పొట్ట మీద చల్లటి జెల్లీ పూసి, చీకటి గదిలో పడుకోబెట్టినప్పుడు కూడా ఉంటుంది.

మేమంటే ఎవరో కూడా చెప్పాలి. బి.ఏ. చదివి, ఉర్దూ వార్తలు తెలుగులోకీ తెలుగు వార్తలు ఉర్దూలోకీ మార్చుకుంటూ నలభై దాటిన ఒక మనిషి. ఆ మనిషి వెనక చెల్లెళ్ళు, మరదళ్ళు, ఖాలాలు, బస్తీ ఆడపిల్లలు. "ఆపా, జరా సాత్ చలో" అంటే చెప్పులేసుకుని బయల్దేరుతాం. వెళ్ళేది ఒక్కరమే అయినా అందరి తరఫునా వెళ్తాం. అందుకే 'నేను' అనడం మాకు అలవాటు కాలేదు.

మా దాదీ కాలంలో స్కానింగ్ లేదు. దాయమ్మ వచ్చి చెయ్యి వేసి చూసి చెప్పేది. ఆవిడకి తెలిసిన తెలివి తక్కువదేం కాదు. కానీ ఆ చేతికి అందని సంగతులు కొన్నుండేవి. గర్భం సంచిలో కాకుండా గొట్టంలో నిలిస్తే అది పగిలేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చి, కళ్ళు తిరిగి పడిపోయి, తెల్లారేసరికి పోయిన ఆడవాళ్ళ కథలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. వాళ్ళకి దయ్యం పట్టిందన్నారు, నజర్ తగిలిందన్నారు. పట్టింది దయ్యం కాదు, లోపల పారిన రక్తం. ఇవాళ ఆరేడు వారాల్లో ఒక్కసారి స్కాన్ తీస్తే గర్భం ఎక్కడ నిలిచిందో తెలిసిపోతుంది. మొదటి స్కానింగ్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. బిడ్డ ఫోటో తీసుకోవడం తర్వాతి మాట.

ఈ మిషన్ వెనక చరిత్ర కూడా చిత్రమైందే. ఇనుములో పగుళ్ళు పట్టుకోడానికి శబ్ద తరంగాలతో పనిచేసే యంత్రాలుండేవి. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు వాటిని ఆడవాళ్ళ కడుపు చూడ్డానికి వాడుకుని, 1958లో ఆ సంగతి వైద్య పత్రికలో అచ్చేశాడు. అంటే ఇది ఎక్స్‌రే కాదు. కిరణాలేమీ లోపలికి వెళ్ళవు. మన చెవికి వినపడనంత సన్నటి శబ్దం లోపలికి వెళ్ళి, తగిలి, తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చినదాన్ని మిషన్ బొమ్మ చేసి చూపిస్తుంది. "లైటు కొడితే బిడ్డ కాలిపోతుందంట" అని భయపడే మా ఖాలాలకి మేము ఈ మాటే చెప్తుంటాం. లైటు లేదు ఖాలా, ఆవాజ్ మాత్రమే.

లోపలికి పోకముందే మొదటి పరీక్ష బల్ల దగ్గర జరుగుతుంది. కడుపుతో ఉన్న ఎవరికి స్కాన్ తీసినా ఫారం ఎఫ్ నింపాలి. అది చట్టం. 1994లో చేసి, 1996 నుంచి అమలు చేసి, 2003లో ఇంకా గట్టి చేసిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం. పేరు, వయసు, భర్త పేరో తండ్రి పేరో, అడ్రసు, ఇదివరకటి పిల్లలెంతమంది, అందులో ఆడెంత మగెంత, ఎన్నో వారం అన్నీ రాస్తారు. పుట్టబోయేది ఆడో మగో తెలుసుకోవాలని మాకు లేదని మా చేత సంతకమో వేలిముద్రో పెట్టిస్తారు. ఇవన్నీ అందరికీ వేసే ప్రశ్నలే. వెయ్యాలి కూడా. కానీ మా పేరు విన్నాక పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. "ఇది ఎన్నోదమ్మా?" అనే ప్రశ్నలో గొంతు మారుతుంది. ఒకసారి మేము "మొదటిది" అన్నాం. బల్ల వెనకున్నావిడ తలెత్తి "మొదటిదేనా?" అంది. పక్కావిడని అలా రెండోసారి అడగలేదు.

ఆ రెండోసారి అడగడం ఎక్కడ్నించి వస్తుందో మాకు తెలుసు. వాళ్ళు అయిదుగురు, వాళ్ళ పిల్లలు పాతికమంది అనే మాటలు ఎన్నికల సభల్లో విన్నవాళ్ళమే. లెక్కలు మాత్రం వేరే సంగతి చెప్తున్నాయి. 1992-93లో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగినప్పుడు దేశంలో ఒక ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21లో జరిగిన అయిదో సర్వే నాటికి అది 2.4కి వచ్చింది. అదే కాలంలో హిందూ స్త్రీలకి 3.3 నుంచి 1.9కి తగ్గింది. ఎవరిది ఎక్కువ తగ్గిందో మీరే తీసేసి చూసుకోండి. చదువు పెరిగిన చోట, చేతిలో నాలుగు డబ్బులున్న చోట అందరి పిల్లలూ తగ్గారు. గర్భసంచికి మతం తెలీదు. బల్ల వెనకున్న మనిషికి మాత్రం తెలుసు.

రెండో పరీక్ష తారీఖు. ఆఖరిసారి బహిష్టు అయిన మొదటిరోజు ఏ తారీఖు అని అడుగుతారు. మా ఆడవాళ్ళు చాలామంది ఇంగ్లీషు తారీఖు చెప్పలేరు. అది చూసి "వీళ్ళకేం తెలీదు" అనుకుంటారు. తెలీకేం? పీర్ల పండగ పోయిన రెండో జుమ్మా అని చెప్తారు. షబ్-ఎ-బరాత్ ముందురోజు అని చెప్తారు. రంజాన్‌లో అయితే ఇంకా ఖచ్చితం. బహిష్టు రోజుల్లో రోజా ఉండరు. ఆ పోయిన రోజాలు తర్వాత తీర్చుకోవాలి కాబట్టి ఎన్నో రోజా నుంచి ఎన్నో రోజా దాకా పోయాయో ప్రతి ఆడమనిషికీ నోటికి ఉంటుంది. ఇంతకన్నా మంచి రికార్డు ఏ ఆస్పత్రిలో ఉంది? మేము చేసే పనల్లా గోడమీది ఉర్దూ క్యాలెండర్‌ చూసి ఆ చాంద్ తారీఖుని ఇంగ్లీషు తారీఖులోకి మార్చి ఒక చీటీ మీద రాసిచ్చి పంపడం.

ఈ తారీఖు దగ్గరే ఒక కాపురం పోయేదాకా వచ్చింది. మా బస్తీలో ఒకమ్మాయి భర్త దుబాయ్‌లో పనిచేస్తాడు. సెలవులో వచ్చాడు. నెల తిరక్కుండానే ఆ పిల్ల నెల తప్పింది. స్కాన్ తీస్తే రిపోర్టులో ఆరు వారాలని రాశారు. అతను వచ్చి నాలుగు వారాలే అయింది. ఇంక చూడండి ఇంట్లో. అత్త నోరు మూసుకుంది, ఆడబిడ్డ నోరు తెరిచింది. పిల్లని పుట్టింటికి పంపేయాలన్నారు. ఆ పిల్ల ఏడుస్తూ ఖురాన్ మీద ఒట్టు పెడతానంది. మేము ఆ రిపోర్టు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరి బహిష్టు మొదటిరోజు నుంచి. గర్భం నిలిచేది దాదాపు రెండు వారాల తర్వాత. అంటే కాగితం మీద ఆరు వారాలంటే కడుపులో నాలుగు వారాలే. ప్రపంచమంతా ఇదే లెక్క. ఉర్దూలో ఒకసారి, వేళ్ళమీద ఒకసారి చెప్పాం. అతను రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంగతి అక్కడితో ఆగింది. ఒట్లు, సాక్షులు, పంచాయతీలు ఏవీ అక్కర్లేకపోయింది. కాగితం మీద ఆ ఒక్క వాక్యం ఉర్దూలో ఉంటే మేము వెళ్ళాల్సిన పనే ఉండేది కాదు.

ఇక లోపలి సంగతి. పొట్ట మీద నుంచి తీసే స్కాన్ అయితే ముందు నీళ్ళు బాగా తాగి, ఒంటేలుకి వెళ్ళకుండా ఉండమంటారు. నిండిన మూత్రసంచి వెనక గర్భసంచి బాగా కనపడుతుందని. రంజాన్‌లో ఇదొక చిక్కు. రోజాలో ఉండి నీళ్ళెలా తాగుతారు? కడుపుతో ఉన్నవాళ్ళకి, తమకో బిడ్డకో కష్టమనిపిస్తే, రోజా తర్వాత తీర్చుకోడానికి మన దీన్‌లోనే సడలింపు ఉంది. అది వద్దనుకునేవాళ్ళు ఇంకో రోజు స్కాన్ పెట్టించుకోవచ్చు. ప్రమాద సూచనలున్నప్పుడు మాత్రం వాయిదా లేదు. రక్తం కనపడ్డా, ఒకవైపు కడుపు నొప్పిగా ఉన్నా, కళ్ళు తిరిగినా ఆ పూటే వెళ్ళాలి.

మొదటి ఏడెనిమిది వారాల్లో పైనుంచి సరిగా కనపడదు. అప్పుడు సన్నటి ప్రోబ్ లోపల పెట్టి చూస్తారు. దానికి మూత్రం పోసి రావాలి. ఈ సంగతి ముందు ఎవరూ చెప్పరు. పర్దాలో పెరిగిన పిల్లకి అక్కడ హఠాత్తుగా "సల్వార్ తియ్యి" అంటే ప్రాణం పోతుంది. పర్దా లేని పిల్లకి మాత్రం సిగ్గుండదా? అందుకే మేము ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్తాం. నొప్పి ఉండదు, కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ప్రోబ్ మీద తొడుగు వేస్తారు. బిడ్డకి ఏమీ కాదు, దీనివల్ల గర్భం పోదు. లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు. తోడు ఒక ఆడమనిషి ఉండాలని అడగొచ్చు. వద్దనిపిస్తే వద్దనొచ్చు. అడగడం పొగరు కాదు.

అక్కడ ఏం కనపడుతుందో కూడా తెలిసుండాలి. లేకపోతే లేనిపోని భయం. అయిదు వారాల దగ్గర నల్లటి చిన్న సంచి ఒకటే కనపడుతుంది. అయిదున్నర దగ్గర అందులో ఉంగరంలాంటి గుండ్రటిది, యోక్ శాక్ అంటారు, పిండానికి మొదట్లో ఆసరా. ఆరు వారాల దగ్గర బియ్యపు గింజంత పిండం, అందులో మిణుకుమిణుకుమనే గుండె. అప్పుడది నిమిషానికి వంద దాటి కొట్టుకుంటుంది. తొమ్మిది వారాలకి నూటయాభై దాటడం మామూలే. గుండె చప్పుడు వినిపించలేదని కొందరు బాధపడతారు. మొదటి వారాల్లో స్పీకర్లో వినిపించక్కర్లేదు. ఆ మిణుకు తెరమీద కనపడితే చాలు. పిండం పొడుగు కొలిచి ఎన్ని వారాలో, ఏ తారీఖుకి కాన్పో లెక్కేస్తారు. మొదటి మూణ్ణెల్లలో వేసిన ఈ లెక్క అయిదారు రోజులు అటూ ఇటూగా సరిపోతుంది. తర్వాత తీసిన స్కాన్లు ఇంత ఖచ్చితంగా చెప్పలేవు. కవలలైతే ఇద్దరికీ ఒకటే మావా, వేర్వేరా అన్నది కూడా ఇప్పుడే బాగా తెలుస్తుంది.

మా తమ్ముడి భార్య పాతబస్తీ పిల్ల. మేము దుల్హన్ అనే పిలుస్తాం. నల్లగొండ జిల్లాకి కోడలిగా వచ్చేదాకా ఆమెకి తెలుగుతో పనిపడలేదు. తన లెక్క ప్రకారం ఏడు వారాలప్పుడు స్కాన్‌కి తీసుకెళ్ళారు. మేము ఆఫీసు నుంచి చేరేసరికి ఆలస్యమైంది. ఆమె బెంచీ మీద కూర్చుని గోడకేసి చూస్తోంది. "బచ్చే కా దిల్ నై బోల్రే ఆపా" అంది. బయట కాగితాలిచ్చే అబ్బాయి తెలుగులో "గుండె లేదు, గోలీలు రాస్తారు" అన్నాడట. తమ్ముడు ఆ మాటని అలాగే ఉర్దూలోకి దించాడు. గుండె లేని బిడ్డ అంటే ఆమె ఏం ఊహించుకుందో మీరే అనుకోండి.

రిపోర్టు చూశాం. అందులో ఉన్నది 'గుండె లేదు' అని కాదు. 'గుండె కదలిక కనపడలేదు, పిండం పొడుగు 4 మిల్లీమీటర్లు' అని. ఈ రెండిటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. పిండం 7 మిల్లీమీటర్లకి చేరాక కూడా కదలిక లేకపోతేనే గర్భం నిలవలేదని తేలుస్తారు. లేదంటే సంచి 25 మిల్లీమీటర్లయినా అందులో పిండం లేకపోవాలి. అంతకన్నా చిన్నదైతే తారీఖు తప్పయి ఉండొచ్చు, అండం ఆలస్యంగా విడుదలై ఉండొచ్చు. వారం నుంచి రెండు వారాలాగి మళ్ళీ చూడాలి. లోపలికెళ్ళి లేడీ డాక్టర్ని అడిగాం. ఆవిడా అదే అంది. "మందు ఇప్పుడెవరు ఇవ్వమన్నారు?" అని అబ్బాయిని కసిరింది. మేము దుల్హన్‌ పక్కన కూర్చుని చెప్పాం: "ధడ్కన్ అభీ నై దిఖీ. నై హై బోల్కే నై." ఇంకా కనపడలేదు, లేదని కాదు.

పదకొండు రోజులు ఆగాం. ఆ పదకొండు రోజులూ ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. నమాజు తర్వాత చేతులు చాచి చాలాసేపు కూర్చునేది. రెండో స్కాన్‌కి మేము లోపలే ఉన్నాం. పిండం పెరగలేదు. మిణుకు లేదు. ఈసారి డాక్టరమ్మే మా వైపు చూసి, "మీరు ఆమె భాషలో చెప్పండి" అంది. చెప్పాం. ఏడ్చింది. ఏడ్చాక ఒక్కటే అడిగింది. "మేరే సే క్యా గల్తీ హువీ?"

ఆ ప్రశ్నకి జవాబు ప్రతి ఆడమనిషికీ ఆమె భాషలో తెలియాలనే ఇదంతా రాస్తున్నాం. ఏ తప్పూ జరగలేదు. తెలిసిన గర్భాల్లో వందకి పది నుంచి ఇరవై దాకా ఇలాగే మొదట్లో పోతాయి. అందులో దాదాపు సగం, బీజం కలిసేటప్పుడే క్రోమోజోముల లెక్క తేడా వచ్చినవి. బిందె ఎత్తినందుకు కాదు, బస్సెక్కినందుకు కాదు, బొప్పాయి ముక్క తిన్నందుకు కాదు, నజర్‌కీ కాదు. తర్వాత మూడు దారులున్నాయని డాక్టర్ చెప్పింది. తనంతట తనే పోయేదాకా ఆగడం, మాత్రలు వాడడం, లేదా శుభ్రం చేయించుకోవడం. మూడూ ఉర్దూలో విని దుల్హన్ మాత్రలు తీసుకుంటానంది. నిర్ణయం ఆమెది. మొదటిరోజే ఆ అబ్బాయి మాట మీద మాత్రలు మింగి ఉంటే? పోయేది పోయే ఉండేది. కానీ బతికున్నదాన్ని చంపుకున్నానేమో అనే అనుమానంతో ఆమె జన్మంతా బతికేది. పదకొండు రోజుల ఓపిక ఆమెకి బిడ్డని ఇవ్వలేదు. ఆ అనుమానం లేకుండా చేసింది. అది చిన్న సంగతి కాదు.

మా లోపలి మాట కూడా దాచం. "గర్భాల్లో ఏముందో అల్లాకే ఎరుక, మిషన్ ఎందుకు" అనే పెద్దవాళ్ళు ఉన్నారు. ఆ మాట సూరా లుక్మాన్‌లో ఉన్నమాట నిజం. కానీ ఆ పెద్దవాళ్ళే కోడలికి వరసగా ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక "ఈసారి చూపిస్తే బాగుండు" అని గొణగడం మేము విన్నాం. పాతిపెట్టిన ఆడపిల్లని ఏ నేరానికి చంపారని అడిగే రోజొకటి ఉందని చెప్పిన ఖురాన్ మాది. అయినా 2001 జనాభా లెక్కల్లో మా ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి 950 మంది ఆడపిల్లలుంటే, 2011కి 943 అయ్యారు. దేశం మొత్తం కన్నా మెరుగేనని గర్వపడేవాళ్ళు ఆ ఏడుగురి సంగతి కూడా చెప్పాలి. అందుకే ఫారం ఎఫ్ మీద సంతకం పెట్టేటప్పుడు మాకు కోపం రాదు. ఆ సంతకం మా ఆడపిల్లలకీ కాపలా.

ఇంకో సంగతి. ముస్లిం అనగానే ఉర్దూ అనుకోవడం కూడా అన్యాయమే. మాకు తెలిసిన దూదేకుల అమ్మాయికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. బుర్ఖా చూసి నర్సు ఆమెతో వచ్చీరాని హిందీలో గట్టిగా అరుస్తుంది. "అమ్మా, నాకు తెలుగులో చెప్పండి" అంటే ఆశ్చర్యపోతుంది. తెలుగొచ్చిన ముస్లింని నమ్మరు, తెలుగు రాని ముస్లింని క్షమించరు. మేమెక్కడ నిలబడాలి?

మేము గొంతెమ్మ కోరికలేం కోరడం లేదు. 2017లో తెలంగాణ అంతటా, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూని రెండో అధికార భాషని చేశారు. సంతోషం. ఆ భాష ఆఫీసు బోర్డుల మీదే ఆగిపోకుండా స్కానింగ్ రిపోర్టు కింద రెండు లైన్లయి రావాలి. తెలుగులోనూ రెండు లైన్లు రావాలి. ఇంగ్లీషు రాని సాయమ్మ మాకన్నా ఏం మెరుగ్గా ఉంది? 'కనపడలేదు'కీ 'లేదు'కీ తేడా తెలిసిన మనిషే ఆ మాట చెప్పాలి. కాగితాలందించే అబ్బాయి కాదు.

అప్పటిదాకా మా చెల్లెళ్ళకి చెప్పేది ఇదే. ఇరవై నాలుగు వారాల్లోపు కనీసం ఒక్క స్కాన్ అయినా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మొదటిది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తీయించుకుంటే మంచిది. పదకొండు నుంచి పద్నాలుగు వారాల లోపు తీసే ఎన్.టి. స్కాన్ వేరు, ఆ తర్వాత అవయవాలన్నీ చూసేది వేరు. ఒకటి తీశాం కదా అని ఇంకోటి మానొద్దు. డబ్బు లేకపోతే ప్రతినెలా తొమ్మిదో తారీఖున సర్కారు దవాఖానాల్లో గర్భిణులకి ఉచితంగా చూస్తారు. పోయిన రోజాల లెక్క చీటీ మీద రాసుకుని వెళ్ళండి. రెండు భాషలొచ్చిన ఆడమనిషిని వెంట తీసుకెళ్ళండి. రిపోర్టు చేతికిచ్చాక లేచి రావొద్దు. గర్భం ఎక్కడుంది, ఎన్ని వారాలు, గుండె కదలిక కనపడిందా, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఈ నాలుగూ అడగండి. అర్థం కాకపోతే రెండోసారి అడగండి. "ఇది ఎన్నోది" అని మనల్ని రెండుసార్లు అడిగినవాళ్ళకి మనం రెండుసార్లు అడిగితే జవాబు చెప్పడం బరువేం కాదు.